పదహారేళ్లకు ఓటు: ముందు పంచాయతీలోనా?

పదహారేళ్లకే ఓటు ఇవ్వాలన్న వాదన న్యూజిలాండ్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నెగ్గింది. 18 ఏళ్ల నిబంధన వయసు వివక్షేనని, దాన్ని ప్రభుత్వం సమర్థించుకోలేకపోయిందని 2022 నవంబర్‌లో తీర్పు వచ్చింది. అయితే అక్కడ చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకు లేదు. పార్లమెంటు ఎన్నికల ఓటు వయసు మార్చాలంటే 75 శాతం సభ్యులో, ప్రజాభిప్రాయ సేకరణో ఒప్పుకోవాలి. స్థానిక ఎన్నికలకు మామూలు మెజారిటీ చాలు. దాంతో లేబర్ ప్రభుత్వం 2023లో స్థానిక ఎన్నికల వరకే బిల్లు పెట్టింది. ఆ ఏడాది చివర్లో అధికారం మారింది, 2024 జనవరిలో బిల్లు వెనక్కి పోయింది. స్కాట్లాండ్‌లో అలా జరగలేదు. 2014 స్వాతంత్ర్య రిఫరెండంలో పదహారేళ్లవాళ్లు ఓటేసిన తీరు చూశాక, అంతకుముందు వద్దన్న కన్జర్వేటివ్ నేత రూత్ డేవిడ్సన్ కూడా మనసు మార్చుకున్నారు. మరుసటి ఏడాది ఓటు వయసు తగ్గించే చట్టం అక్కడి పార్లమెంటులో ఏకగ్రీవంగా నెగ్గింది.

మన దగ్గరా దారి స్థానిక ఎన్నికల్లోనే ఉంది. 1989లో ఓటు వయసును 21 నుంచి 18కి దించిన రాజ్యాంగ సవరణ లోక్‌సభ, శాసనసభలకు సంబంధించింది. పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్లని రాజ్యాంగం చెప్పింది గానీ, ఓటరు వయసు చెప్పలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి 18 వచ్చి కూర్చుంది.

యూరప్‌లో చెప్పే గట్టి కారణం ఒకటుంది: పదహారేళ్లప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉంటారు, పద్దెనిమిదికి చదువుకు వెళ్లిపోతారు, మొదటి ఓటు చేజారుతుంది. మన పిల్లలు పదో తరగతి అవగానే ఇంటర్ హాస్టల్‌కు వెళ్తున్నారు కదా! ఇక్కడ ఆ లెక్క సరిపోదు. నాకైతే ఇందులోనే మరో కారణం కనిపిస్తోంది. ఊళ్లో మిగిలేది ఎక్కువగా బస్సెక్కి ప్రభుత్వ కాలేజీకి వెళ్లొచ్చేవాళ్లు, చదువు మానేసి పనికెళ్లేవాళ్లు. ఆ బస్సు గురించి, ఆ పని గురించి సర్పంచ్‌ను నిలదీసే అవసరం వాళ్లకే ఎక్కువ.

అమ్మానాన్న చెప్పినవాళ్లకే వేస్తారంటారు. సర్పంచ్ ఎన్నికల్లో పెద్దల ఓట్లనూ ఇంటికిన్నని లెక్కేసేవాళ్లమే మనం. నన్ను ఆపే అభ్యంతరం వేరు: ప్రతి ఇంట్లో కొనడానికి ఇంకో ఓటు చేరుతుంది. అందుకే ఒకేసారి రాష్ట్రమంతా కాక, ముందు కొన్ని మండలాల్లో రాష్ట్ర ఎన్నికల సంఘం పదహారేళ్లవాళ్లకు వేరే జాబితా తయారుచేసి చూడాలి. దానికి పార్లమెంటు కదలాల్సిన పనిలేదు, పంచాయతీరాజ్ చట్టాన్ని శాసనసభ సవరించుకోవచ్చు.