అల్యూమినియం రజనును నరికితే నష్టమన్న ప్రచారానికి ఖండన

జయపురం, కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లోని లేతు షాపులవారూ తుక్కు వ్యాపారులూ ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతున్నది. లేతు కోతలో చుట్టలుగా రాలే అల్యూమినియం రజనును ష్రెడ్డరులో (తుక్కును ముక్కలుగా నరికే యంత్రంలో) నరికిస్తే కొలిమిలో కాలి బూడిదవుతుంది కాబట్టి చుట్టలను చుట్టలుగానే కరిగించాలనీ, తడి ఉన్నా కొలిమి వేడికి అదే ఆవిరైపోతుందనీ, ఇనుప ముక్కలు ఎలాగూ అడుక్కి దిగిపోతాయనీ, బాక్సైటు మన కొండల్లోనే ఉండగా ఈ చెత్త కోసం యంత్రాలు కొనడం దండగ అనీ అందులో రాశారు. వీటిలో మొదటి మాట సగం తెలిసి చెప్పినది. రెండవ మాటను నమ్మి మూస (లోహాన్ని కరిగించే పాత్ర) ముందు నిలబడిన మనిషికి ప్రాణాపాయం ఉంది. అందుకే దీనిని చూసీ చూడనట్టు వదిలేయడం నాకు తప్పుగా తోచింది.

ముక్క చిన్నదైన కొద్దీ గాలి తగిలే ఉపరితలం పెరుగుతుందనీ, గాలి తగిలిన చోట లోహం ఆక్సైడు అవుతుందనీ అనడం సూత్రంగా నిజమే. ఒక కిలో అల్యూమినియం పూర్తిగా కాలితే సుమారు 1.89 కిలోల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) అవుతుంది. దానిని తిరిగి లోహంగా మార్చడం మన కొలుముల వల్ల కాదు. అయితే ఈ సూత్రాన్ని లేతు చుట్టకు వర్తింపజేసే ముందు ఆ చుట్టను కొలిచి చూడాలి. 3 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న చుట్టను తీసుకుంటే, 30 మిల్లీమీటర్ల పొడవులో దాని నాలుగు పక్కల వైశాల్యం 192 చదరపు మిల్లీమీటర్లు. అక్కడ ఒక కోత పెడితే కొత్తగా బయటపడేవి రెండు కొసలు మాత్రమే. రెండింటి వైశాల్యం కలిపి 1.2 చదరపు మిల్లీమీటర్లు. పెరిగినది నూటికి ఒక వంతు కూడా కాదు. గట్టి లోహం పలచని పట్టీగా మారి ఉపరితలం పెరగడం లేతు టూలు దగ్గరే జరిగిపోయింది. ష్రెడ్డరు తగ్గించేది పొడవునే.

నష్టం వేరే చోట జరుగుతున్నది. చిక్కుపడిన చుట్టలను మూసలో పడేస్తే అవి ద్రవంలో మునగవు. పైన తేలుతూ, మంటకూ గాలికీ ఎదురుగా ఉండి, 660 డిగ్రీల వద్ద కరిగేలోపే ఆక్సైడు పొర దళసరి కట్టి చిట్టెంలోకి (కరిగిన లోహం పైన తేలే మలినంలోకి) పోతాయి. పొట్టి ముక్కలనైతే ముందే కరిగి ఉన్న లోహంలో కొద్దికొద్దిగా వేసి లోపలికి తొక్కవచ్చు, లేదా యంత్రంతో గట్టిగా ఒత్తి దిమ్మలుగా చేసి వేయవచ్చు. గట్టి అల్యూమినియం ఘనమీటరుకు 2,700 కిలోలు తూగుతుండగా, వదులు చుట్టలు 200 కిలోలు తూగడమే కష్టం. కొరాపుట్ నుండి సాలూరు ఘాటు మీదుగా విజయనగరం వైపు వెళ్లే లారీలో సగానికి పైగా గాలికే కిరాయి కడుతున్నాము. ఇంతవరకు చెప్పినది పొట్టి ముక్కల సంగతి. ష్రెడ్డరు జల్లెడ కన్నాలు మరీ చిన్నవి పెట్టి పిండిలా కొట్టిస్తే మాత్రం ఆ సందేశం చెప్పినంత నష్టమూ వస్తుంది. పైగా గాలిలో లేచిన సన్నని అల్యూమినియం దుమ్ముకు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

తడి విషయానికి వస్తే, కరిగిన లోహం అడుగున చిక్కుకున్న నీరు క్షణంలో ఆవిరై, 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి, పైనున్న లోహాన్ని ఎదురుగా ఉన్న మనిషి మీదికి చిమ్ముతుంది. నీటిలోని ఆక్సిజన్‌ను అల్యూమినియం లాక్కోవడంతో హైడ్రోజన్ కూడా విడుదలవుతుంది. ఒక కిలో లోహం పూర్తిగా చర్య పొందితే సుమారు 1,240 లీటర్ల వాయువు వస్తుంది. వానాకాలంలో కూలెంటు (కోత వేడిని తగ్గించడానికి పోసే నీళ్ల ద్రవం) తడితోనే గోతాల్లో కుక్కిన సన్న రజను చేతికి వెచ్చగా తగలడానికి ఈ చర్యే కారణం. అటువంటి రజనును మూత బిగించిన డ్రమ్ములో ఉంచకూడదు, అది అంటుకుంటే నీళ్లు చల్లకుండా పొడి ఇసుకతో కప్పాలి. కూలెంటును పిండడానికి సెంట్రిఫ్యూజు, అంటే తొట్టిని వేగంగా తిప్పి తడిని విడదీసే యంత్రం, ఉంది. కాని పొడవాటి చుట్టలు దానిలో మెలిపడి ఒక పక్కకు చేరి తొట్టిని ఊగిస్తాయి. ముందు నరికి, పిండి, ఆ తర్వాత వేడితో ఆరబెట్టిన రజనునే కొలిమికి చేర్చాలి.

ఇనుము అడుక్కి దిగుతుందన్నది పెద్ద ముక్కల విషయంలో కొంతవరకు నిజం. సన్నని ఉక్కు రజను కరిగిన అల్యూమినియంలో కలిసిపోతుంది, కలిసినదానిని విడదీయడం చిన్న కొలుముల్లో సాధ్యం కాదు. 6061 అనే అల్యూమినియం మిశ్రమ రకంలో ఇనుము 0.7 శాతం మించరాదు. వంద కిలోలలో ఒక్క కిలో ఉక్కు కరిగితే ఆ పరిమితి దాటినట్టే. చిక్కులో ఇరుక్కున్న ఉక్కు తీగను అయస్కాంతం లాగలేదు. నరికి విడదీసిన తర్వాతే లాగగలదు. కాని 7075 అనే మరో మిశ్రమ రకం రజను 6061లో కలిస్తే ఏ అయస్కాంతమూ పనికిరాదు. 7075లో జింకు 5 శాతానికి పైగా ఉంటుంది, 6061లో 0.25 శాతమే ఉండనిస్తారు. ఈ విడదీత లేతు దగ్గర, వేరు వేరు డబ్బాల్లో జరగాలి.

ఇక బాక్సైటు. పంచ్‌పట్మాలి కొండ మీద తవ్విన ఖనిజం దామంజోడిలో అల్యూమినాగా మారి, లోహం కావడానికి రైలులో అంగుల్ దాకా పోతున్నది. ఒక టన్ను కొత్త లోహానికి నాలుగు టన్నులకు పైగా ఖనిజం, 13 వేల యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతాయి. రజనును తిరిగి కరిగించడానికి కొత్త లోహానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు. ఒక్కొక్క షాపువారు సొంతంగా యంత్రం కొనలేరన్న మాటను నేను కాదనను. రజనును రకాలవారీగా వేరుచేసి, వాన తగలకుండా కప్పు కింద ఉంచడానికి వారికి యంత్రమేమీ అక్కరలేదు. ష్రెడ్డరు వారి దగ్గర తుక్కు కొనే వ్యాపారి వద్ద ఒకటి ఉంటే సరిపోతుంది.