పొట్టేలును అమ్ముకుని గొర్రెను తిట్టుకుంటే ఎలా?

మెట్ట సంతల్లో జీవాల బేరం చూసినవాళ్లకు తెలుసు. తుండుగుడ్డ కింద వేళ్లు కలిసేలోపే బేరగాడి చూపు మందంతా చుట్టొస్తుంది. తోటివాటికంటే ఎత్తుగా, నడుం బారుగా, కొమ్ము అప్పుడప్పుడే మెలి తిరుగుతున్న పిల్లపొట్టేలు దగ్గర ఆగుతుంది. ముందు అమ్ముడుపోయేది అదే. చేతికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి కాబట్టి కాపరి కూడా కాదనడు. సాయంత్రం దొడ్డికి తిరిగి నడిచేవి ఎవరి కంటికీ ఆననివి. వచ్చే ఏడు మందలో గొర్రెల్ని దాటేవీ, అంటే వాటితో జతకట్టేవీ, అవే.

ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పామూరు వైపు ఏ కాపరిని కదిలించినా ఒకటే మొర. గొర్రెలు గొడ్డుపోతున్నాయి, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరిగిపోతోంది, పుట్టిన పిల్ల పిడికెడంత ఉంటోంది అని. దానికి చెప్పుకునే కారణాలన్నీ గొర్రె చుట్టూనే తిరుగుతాయి: గర్భంలో లోపం, మేత చాలక నీరసం, నట్టలు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ లెక్కలో సగం విడిచిపెట్టి మాట్లాడుతున్నామని నా అభిప్రాయం. ఆ సగం పొట్టేలు. ఇంకా సరిగా చెప్పాలంటే, ఏ నెలలో ఏ పొట్టేలు మందలో ఉంది అన్నది.

నెల్లూరు గొర్రెకు దేశంలోకెల్లా ఎత్తైన జాతిగా పేరుంది. ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకే. తెల్లనిది పల్ల, తెలుపు మీద కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమ ఎరుపుది డోర. పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడదానికి దాదాపుగా ఉండవు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: బ్రెజిల్‌వాళ్లు మన ఒంగోలు పశువును పట్టుకెళ్లి, దానికి నెల్లూరు పేరు పెట్టుకుని, మేలైన ఆబోతుల్ని ఏరి దాచుకుని కోట్లలో పెంచుకున్నారు. మనం మాత్రం మేలైనదాన్ని ఏరి లారీ ఎక్కిస్తాం.

ఋతువును బట్టి ఎదకొచ్చే జీవాల గురించి పుస్తకాల్లో ఉన్నదంతా చల్లటి దేశాలది. స్కాట్లాండ్‌లో వేసవి పగలు 17 గంటలు దాటుతుంది, చలికాలంలో 7 గంటలకు పడిపోతుంది. రాత్రి పొడవు పెరిగేకొద్దీ మెదడులోని చిన్న గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను ఎక్కువసేపు వదులుతుంది, దాంతో గొర్రె ఎదకొస్తుంది. నెల్లూరులో ఏడాది మొత్తం మీద అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటా ముప్పావే. ఆ తేడాను మన గొర్రె పెద్దగా లెక్కచేయదు. దానికి ఋతువంటే గడ్డి. కడుపు నిండి నాలుగు రోజులు ఒళ్లు చేస్తే ఎదకొస్తుంది, ఎండితే ఆగిపోతుంది.

గేదె సంగతి కాస్త వేరు. అది పగలు తగ్గే రోజుల్లో ఎదకొచ్చే స్వభావం ఉన్నది, ఎండాకాలంలో లక్షణాలు బయటపడని మూగ ఎద, వచ్చినా రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి పోతుంది. దానికి నీడ, నీళ్లు, రాత్రి ఒక చూపు కావాలి, ఇంజక్షన్లు తర్వాతి మాట. పైగా గేదెకు వీర్యం స్ట్రా పట్టుకుని, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ఇంటికొస్తాడు. గొర్రెకు ఆ సౌకర్యం లేదు. గర్భాశయ ముఖద్వారం మడతలు మడతలుగా ఉంటుంది, గొట్టం లోపలికి సరిగా దిగదు, నిల్వ వీర్యంతో చూలు నిలవడం కష్టం. కాబట్టి గొర్రెకు ఏ జాతి అభివృద్ధి అయినా నాలుగు కాళ్ల మీద నడిచే పొట్టేలు ద్వారానే రావాలి.

ఇక మన గడ్డి ఎప్పుడొస్తుంది? ఇక్కడే తెలంగాణకో, ఉత్తరాదికో రాసిన క్యాలెండరు పనికిరాదు. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే. నైరుతి వచ్చి నాలుగు జల్లులు చల్లి పోతుంది. మెట్టలో నిజంగా పచ్చదనం కనబడేది కార్తీకం దాటాక. పాలిచ్చే గొర్రెకు మేత కావలసింది కూడా అప్పుడే. గొర్రె చూలు 150 రోజులు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు లోపు ఈనాలంటే జూలై 20 నుంచి ఆగస్టు నెలాఖరు వరకు దాటాలి. ఇంకా ముందు దాటితే పిల్లలు నవంబరు తుపానుల్లో పుడతాయి. బురద దొడ్డిలో తడిసిన పిల్ల బతకడం ఎంత కష్టమో మంద కాచినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

నలభై రోజుల గడువు ఎందుకంటే, గొర్రెకు ఎద చక్రం 17 రోజులు. మొదటిసారి నిలవకపోతే రెండోసారి, అదీ తప్పితే ఇంకో ప్రయత్నానికి కొంత వ్యవధి. అప్పటికీ నిలవని గొర్రెను గుర్తుపెట్టుకోవచ్చు. ఏడాదంతా పొట్టేలు మందలోనే తిరుగుతుంటే ఏది గొడ్డో, ఏది ఆలస్యమో, తప్పు గొర్రెదో పొట్టేలుదో ఎవరు చెప్పగలరు?

ఎక్కువమంది గమనించని లెక్క ఇంకొకటుంది. పొట్టేలు వృషణాల్లో వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. అది ముదిరి బయటికి రావడానికి మరో పది పన్నెండు రోజులు. మొత్తం రెండు నెలలు. అంటే జూలై 20న మందలోకి దిగే పొట్టేలు పనికొస్తుందా లేదా అన్నది మే 20 నుంచే తేలుతుంది. మే 20కి మెట్టలో ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. కనిగిరి గుట్టల్లో 43, 44 డిగ్రీల్లో రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడిచే పొట్టేలు అది. వృషణాలు ఒంటికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. అందుకే అవి ఒంటికి వెలుపల వేలాడేది. వేడెక్కితే కణాలు చస్తాయి, వంకరపోతాయి. పొట్టేలు పైకి బాగానే ఉంటుంది, ఎదలో ఉన్న గొర్రెను దాటుతుంది కూడా. కానీ చూలు నిలవదు. కాపరి చూసేది దాటడాన్నే కాబట్టి తప్పు గొర్రె మీదికి పోతుంది.

దీనికి మందు కొనక్కర్లేదు. మే మొదటి వారం నుంచి విత్తనపు పొట్టేలును మందతో పంపకుండా ఊళ్లో వేపచెట్టు కిందో, తాటాకు పాకలోనో కట్టేయాలి. రెండు పూటలా నీళ్లు, చల్లబడ్డాక మేత, రోజుకు పావుకిలో దాణా. చేత్తో పట్టి చూస్తే వృషణాలు రెండూ సమంగా, గట్టిగా ఉండాలి. మెత్తగా జారుతున్నట్టున్నా, ఒకటి చిన్నదైనా ఆ పొట్టేలు మందకు వద్దు. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. మా వైపు ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కబెడతారు, సుడులు చూస్తారు, తోక కొలుస్తారు. విత్తనపు పొట్టేలుకు ఆ మర్యాద లేదు.

ఊళ్లో కట్టేయడంలో ఇంకో లాభం ఉంది. పొట్టేలు కంటికి కనబడక, వాసన తగలక నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక ఒక్కసారిగా మందలోకి దింపితే, ఎదకు రాని గొర్రెల్లో కూడా చాలా వాటికి రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. ఆ మొదటిసారి ఎద లక్షణాలు కనబడవు. మూడో వారం, నాలుగో వారంలో మాత్రం గుంపుగా ఎదకొస్తాయి. 1944లోనే ఆస్ట్రేలియాలో దీన్ని నమోదు చేశారు. కొత్త పొట్టేలైతే ఫలితం ఇంకా బాగుంటుంది. ఎప్పుడూ పక్కనే తిరిగే పాత పొట్టేలుకు ఆ శక్తి ఉండదు. అయితే ఎముకలు తేలిన గొర్రెలో ఇది పనిచేయదు.

పొట్టేలు రొమ్ముకు జాజుమట్టి నూనెలో కలిపి పూస్తే, అది దాటిన గొర్రె వీపు మీద ఎర్ర ముద్ర పడుతుంది. 17 రోజులు పోయాక రంగు మార్చాలి. కొత్త రంగు కూడా పడ్డ గొర్రెకు మొదటిసారి నిలవలేదన్నమాట. మందలో సగానికి రెండు రంగులూ పడితే అనుమానించాల్సింది పొట్టేలును. పది రూపాయల జాజుతో తేలే సంగతి ఇది.

గొర్రె వైపు చేయాల్సింది చెప్పుకోకపోతే అన్యాయం. పెన్నా డెల్టాలో మార్చి, ఏప్రిల్ కోతలయ్యాక మెట్ట మందలు కొయ్యకాలు పొలాలకు దిగుతాయి, రైతులు ఎరువు కోసం మంద కట్టించుకుంటారు. రాలిన గింజ తిని గొర్రె ఒళ్లు చేస్తుంది, అతిగా తింటే చిటుకు రోగమూ వస్తుంది, దానికి ముందే టీకా పడాలి. కానీ తిరిగొచ్చేసరికి జూన్, మెట్టంతా బీడు. చేసిన ఒళ్లు నెలలో కరిగిపోతుంది. పొట్టేలును దింపే ముందు మూడు వారాలు గొర్రెకు రోజుకు పావుకిలో దాణా పడితే మొత్తం ఐదుంబావు కిలోలు. కిలో పాతిక ముప్పై అనుకున్నా నూటఅరవై రూపాయలు దాటదు. దానికీ స్తోమత లేకపోతే తుమ్మకాయలున్నాయి, ప్రకాశంలో ఎక్కడ చూసినా సుబాబుల్ ఉంది. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మేతలో మూడోవంతు మించకూడదు.

నట్టల మందు దగ్గర మాత్రం జాగ్రత్త. తొలకరికి ఊరంతా ఒకేసారి తాగించడం రివాజు. ఆల్బెండజోల్ లాంటివి చూలు మొదటి నెలలో పడితే పిండానికి చేటు. పొట్టేలును దింపకముందే తాగించేస్తే పేచీ లేదు. కానీ ఎప్పుడు దాటిందో తెలియని మందలో ఏ రోజు తాగించినా ఏదో ఒక గొర్రె ఆ నెలలోనే ఉంటుంది. వానల్లో దోమల వంటి చిన్న ఈగలు తెచ్చే నీలి నాలుకకు టీకా కూడా ఇలాగే తేదీ చూసి వేయాలి.

ఇదంతా చదివి ఏ కాపరైనా నవ్వుకోవచ్చు. జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాలి, ఎప్పుడో ఒకప్పుడు ఆస్పత్రి ఖర్చు తగులుతుంది. ఏడాదంతా పిల్లలు పుడుతూ ఉంటేనే అవసరానికి ఒకటి అమ్ముకోగలడు. జీవం అతనికి బ్యాంకు పాసుపుస్తకం. రెండోది, నలుగురి మందలు ఒకే గుట్ట ఎక్కుతాయి. నేను నా పొట్టేలును కట్టేస్తే పక్కవాడి పొట్టేలు నా గొర్రెల్ని దాటుతుంది. ఈ రెండు అభ్యంతరాలూ సబబైనవే. మొదటిదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మందలో మూడోవంతును వేరే కాలానికి, అంటే కొయ్యకాలు మేసే రోజులకు వదిలేయడం ఒక రాజీ. రెండోదానికి మాత్రం ఊరు కలవాలి. మనకు గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు ఊరూరా కాగితం మీదైనా ఉన్నాయి, ఎక్కువగా రుణాలకూ రాయితీలకూ. పొట్టేళ్లను సంఘం తన పేర కొని, వేసవిలో ఒకే పాకలో పెట్టి, జూలైలో పాతిక ముప్పై గొర్రెలకొకటి చొప్పున పంచితే పని జరుగుతుంది. రెండేళ్లకోసారి పక్క ఊరి సంఘంతో మార్చుకోవచ్చు. లేకపోతే తండ్రి కూతుళ్లనే దాటుతూ ఉంటుంది.

ప్రభుత్వాల ఆలోచన ఇంతవరకు తలల లెక్క దగ్గరే ఆగింది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల గొర్రెలు, తెలంగాణ తర్వాత మనమే. 2017లో తెలంగాణ కాపరి ఇంటికి 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచింది. ఆ ఒక్క పొట్టేలుకు ఎవరైనా వృషణాలు తడిమి చూశారా? అది పనికిరానిదైతే మిగిలిన ఇరవై ఉత్త మాంసమే. మన దగ్గర నెల్లూరు గొర్రె మీద ఎంపిక పరిశోధన పలమనేరులో నడుస్తోంది. నెల్లూరు, ప్రకాశం మెట్ట ఎండ ఎరుగని ఎత్తు ప్రదేశం అది. పరిశోధనకు లోటని కాదు. అక్కడ తేలిన మేలైన పొట్టేలు ఇక్కడి మే నెలకు తట్టుకుంటుందా అన్నది ఇక్కడి మందలోనే తేలాలి.

అసలు చిక్కు ధర దగ్గరుంది. బక్రీద్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూన్ చివర వచ్చింది, 2025లో జూన్ మొదటి వారానికి వచ్చేసింది. కుర్బానీకి కుంటిది, గుడ్డిది, కొమ్ము మొదలంటా విరిగినది పనికిరాదు. నిండుగా, కళగా ఉన్నదానికే ధర. పండుగ తప్పేమీ లేదు. దసరాకూ, కనుమకూ మనం చేసేదీ అదే. కానీ ఈ కొన్నేళ్లుగా ఆ కొనుగోళ్లు సరిగ్గా విత్తనపు పొట్టేలును పాకలో కట్టేయాల్సిన నెలలోనే పడుతున్నాయి. సంఘం పొట్టేలు కొనాలనుకుంటే సంక్రాంతికి పుట్టిన పిల్లల్ని మూడో నెలలో, బేరగాడు రాకముందే చూసుకుని, చెవికి పోగు వేసి, అడ్వాన్సు ఇచ్చేయాలి. రాయితీ ఇచ్చే చెయ్యి అక్కడ ఇవ్వాలి, ఏప్రిల్‌లో, ఆ ఒక్క పిల్లకు, సంత ధరకు తగ్గకుండా.