నీళ్లు ఏ గడప దాకా వస్తాయో చెప్పండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఉత్తరాన ఉన్న ఊత్తుకోట, పొన్నేరి వైపు ఊళ్లలో ఒకటే కబురు తిరుగుతుంది. ఆంధ్రలోని పిచ్చాటూరు డ్యాం నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలారు, ఆరణియార్ నది పక్కన ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి అని. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. వెయ్యి క్యూసెక్కులంటే సెకనుకు 28 వేల లీటర్లు. లెక్క సరే, ఆ కబురు చదివిన మనిషి ఏం చెయ్యాలి? చప్టా మునుగుతుందా? మునిగితే ఎన్ని గంటలకు? పల్లంలో ఉన్న వీధిలోకి నీళ్లొస్తాయా, లేక వరిచేల దగ్గరే ఆగిపోతాయా? గొడ్లను ఇప్పుడే విప్పాలా, రాత్రి భోజనాలయ్యాక చూసుకోవచ్చా? ఊరికి కావలసిన ఈ సంగతులు ఒక్కటీ అందులో ఉండవు.

మా చిన్నాన్న వాళ్లది ఊత్తుకోట దగ్గరి ఊరు. వాన పట్టిందంటే ఆయన టీవీ చూడడు, పిచ్చాటూరు వైపున్న వియ్యంకుడికి ఫోన్ చేస్తాడు.

"బావా, తలుపులెత్తినారా?"

"ఎత్తినారు బావా. మా కాడ చప్టా మునిగిపొయ్యింది. మీరు గొడ్లను మెట్టకు తోలుకోండి."

అంతే మాట. ఎంత నీరు, ఎక్కడి దాకా వచ్చింది, ఏం చెయ్యాలి, మూడూ అందులో ఉన్నాయి. ఇక్కడ పెళ్లి సంబంధాలు రాష్ట్రాల సరిహద్దును ఏనాడూ లెక్కచెయ్యలేదు కాబట్టి ఆ కబురు అందుతోంది. మరి ఎగువన చుట్టాలు లేని ఇంటికి? నిరుడే కూలి పనికొచ్చి ఏటిగట్టు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నవాళ్లకు? నన్ను కలవరపెట్టేది ఇదే. మన దగ్గర వరద కబురు బంధుత్వాన్ని బట్టి అందుతోంది.

ఈ నదుల తీరే అలాంటిది. ఆరణియార్ ఆంధ్రలో పుట్టి, పిచ్చాటూరు దాటి, ఊత్తుకోట మీదుగా వెళ్లి పులికాట్ సరస్సులో కలుస్తుంది. కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం తెరిస్తే ఆ నీరు కుశస్థలి నది వెంట పూండి జలాశయానికి చేరుతుంది. కుశస్థలినే తమిళంలో కొసస్థలై అంటారు. పూండి నిండితే దిగువ ఊళ్ల మీదుగా ఎన్నూరు దగ్గర సముద్రంలోకి. ఎగువన తలుపు ఎత్తేవాళ్లు తెలుగులో చెబుతారు, దిగువన మునిగేవాళ్లు తమిళంలో వింటారు. అధికారులు ఒకరికొకరు చెప్పుకుంటారు, నిజమే. ఆ మాట కలెక్టరాఫీసు దాటి ఏటిగట్టు మీది ఇంటిదాకా వచ్చేసరికి ఒక అంకె మాత్రం మిగులుతుంది.

అంకె ఒక్కటే ఉంటే ఏమవుతుందో చెన్నై 2015లో చూసింది. డిసెంబరు 1న తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన కురిసింది. చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారు నదిలోకి సుమారు 29 వేల క్యూసెక్కులు వదిలారు. వదలడం మంచిదా, ముందే వదలాల్సిందా అన్న వాదన ఇంకా తెగలేదు. అది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2018లో తేల్చింది. నా బాధ మరోచోట ఉంది. ఆ 29 వేలు వస్తే అడయారు పక్కన ఏ వీధిలో మోకాటి లోతు వస్తుందో, ఏ వీధిలో మొదటి అంతస్తు మునుగుతుందో ఆ రాత్రి ఇళ్లలో పడుకున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే చాలామంది కనీసం మెట్లెక్కేవారు.

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య డ్యాం కట్ట తెగి, చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. అంతకుముందే ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. పైకట్ట తెగిన సంగతి కిందివాళ్లకు చేరడానికీ, నీళ్లు చేరడానికీ మధ్య ఉండే ఆ కొన్ని గంటలే ఊరి ప్రాణం. ఊత్తుకోట, పొన్నేరి ఉన్న మా తిరువళ్లూరు జిల్లా నిండా గొలుసుకట్టు చెరువులే. పైచెరువు నిండి మొరవ (అలుగు) పారితే కిందిచెరువుకు నీరు, పైకట్ట తెగితే కిందికట్టకు గండం. పాతకాలంలో నీరుగట్టి రాత్రిళ్లు కట్ట మీద తిరిగేవాడు, తలారి చాటింపు వేసేవాడు. ఆ మనుషులు పోయారు, వాళ్లు చేసిన పని ఎవరికీ అప్పగించలేదు.

ఊరికి తెలిసినంత వరద ఏ ఆఫీసుకూ తెలియదు. 2015లో నీళ్లు బడి మెట్లలో ఎన్నో మెట్టు దాకా వచ్చాయో, 2021లో రామాలయం గడప తాకాయో లేదో ఎవరినడిగినా చెబుతారు. ఆ జ్ఞాపకాన్ని గోడల మీదికి ఎక్కించాలి. ఒక డబ్బా పెయింటు, సంవత్సరం, తేదీ, ఒక గీత. వంతెన స్తంభం మీద అడుగు అడుగుకూ గీతలు. ఎగువన ఎన్ని క్యూసెక్కులు వదిలారో, ఎన్ని గంటల తర్వాత మన స్తంభం మీద నీరు ఏ గీతకు వచ్చిందో, అప్పుడు ఏయే వీధులు మునిగాయో పంచాయతీ ఆఫీసులో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే, నాలుగు వరదలకు ఆ ఊరికి సొంత లెక్క తయారవుతుంది. "పదిహేను వేలు వదిలారట, అంటే మనకు ఐదో గీత, దిగువ వీధి ఖాళీ చెయ్యాలి" అనగలుగుతారు. ఒక హెచ్చరిక మాత్రం చెయ్యాలి. గట్టు తెగినా, కొత్త రోడ్డు ఎత్తు పెంచి వేసినా, కాలువను పూడ్చి ప్లాట్లు వేసినా పాత లెక్క పనికిరాదు. ప్రతి ఏడూ వానలకు ముందు నలుగురు కాలువ వెంట నడిచి చూడాల్సిందే.

అదే నోటుబుక్కులో ఇంకో పేజీ ఉండాలి. మంచం మీదున్న ముసలివాళ్లు ఎవరింట్లో ఉన్నారు, నెలలు నిండిన అమ్మాయి ఎవరు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లెవరు, ఇన్సులిన్ ఎవరికి కావాలి, ట్రాక్టరు ఎవరిది. ఇవి వాట్సాప్‌లో పెట్టే వివరాలు కావు. వార్డు మెంబరు దగ్గర, ఆరోగ్య కార్యకర్త దగ్గర ఉంటే చాలు. బడి తాళం ఎవరి దగ్గరుంటుందో మాత్రం ఊరంతటికీ తెలియాలి. టీచరు వేరే ఊరి నుంచి వచ్చిపోతుంటే రాత్రి రెండు గంటలకు తలుపు ఎవరు తీస్తారు? చిన్న విషయంలా కనిపిస్తుంది. పిల్లల్ని ఎత్తుకుని వానలో తాళం ముందు నిలబడితే అది చిన్న విషయం కాదు.

ఇలా అందరూ సమాచారం పంచుకుంటే పుకార్లు పెరుగుతాయని కొందరు భయపడతారు. ఆ భయంలో నిజముంది. చెరువు తెగిందంటూ ఏదో పాత వీడియో రావడం, జనం టెన్షన్ పడి చీకట్లో పరుగెత్తడం చూశాం. కానీ నిజమైన కబురు లేనిచోటే పుకారు బలుస్తుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు కళ్లారా చూశారు, ఈ మూడూ లేని కబురును ముందుకు పంపకూడదని గ్రూపులో కట్టుబాటు పెట్టుకోవచ్చు. ఎవరికైనా అనుమానమొస్తే జిల్లా కంట్రోల్ రూము 1077కు ఫోన్ చేసి అడగవచ్చు.

ఫోన్లనే నమ్ముకోవడమూ ప్రమాదమే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది. నగరంలోనే అలా అయితే పల్లె సంగతి చెప్పక్కర్లేదు. బ్యాటరీతో పనిచేసే మైకు, గుడి గంట, చర్చి గంట, మసీదు మైకు, ఇవన్నీ ఊళ్లో ఉన్నవే. ఏ మోతకు ఏం చెయ్యాలో ముందే అనుకుని, ఒక ఆదివారం అందరూ కలిసి నడిచి చూసుకోవాలి.

ఇక భాష సంగతి. చెన్నై చుట్టుపక్కల భవనాల పనికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లున్నారు. నగరాన్ని ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. అరవం మాట్లాడతారేమో గానీ చదవలేనివాళ్లు వాళ్లలో చాలామంది. తమిళంలో వచ్చిన మెసేజ్ వాళ్ల ఫోన్‌లో మోగుతుంది, అంతే. రెండు భాషలూ వచ్చిన మనలాంటివాళ్లం ఆ మెసేజ్‌ని గొంతుతో తెలుగులో చెప్పి రికార్డు చేసి, పనిచోట మేస్త్రీకి పంపడానికి రెండు నిమిషాలు పట్టదు. ఎగువ నుంచి తెలుగులో వచ్చే డ్యాం కబురును తమిళంలో కిందికి పంపడమూ మనం చెయ్యగలిగిందే.

మొన్న చిన్నాన్నకు ఇదంతా చెప్పాను. గీతలు తానే వేయిస్తానన్నాడు. 2015 నీళ్లు వాళ్లింటి అరుగు మీద సరిగ్గా ఎక్కడి దాకా వచ్చాయో పిన్నికి బాగా గుర్తుందట, గీత అక్కడి నుంచే మొదలుపెడతారు.