పైపుకి బ్రయరే కావాలా? సర్కారు తుమ్మ చాలదా?

చెన్నైలో సరదాకి కర్రపని నేర్చుకుంటున్న మనవాళ్లకు పొగాకు పీల్చే పైపు చెక్కాలనిపిస్తే ముందు బ్రయర్ ముక్క ధర చూసి నీరసం వస్తుంది. వేరే కర్ర ఏదైనా నాలుగు రోజుల్లో మాడిపోతుందన్న మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది. నేను ఒప్పుకోను.

బ్రయర్ మంచిదే. మధ్యధరా తీరంలో ఒక పొద మొదట్లో, నేలలో ఊరే బుడిపె అది. గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెడతారు. దాని పేరుప్రఖ్యాతుల్లో సగం ఆ ఓపికదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరకు ఆగిపోతే అమెరికావాళ్లు తమ కొండల్లోని లారెల్, మాంజనీటా పొదల బుడిపెలతో పని కానిచ్చారు. మిస్సోరిలోనైతే 1869 నుంచి మొక్కజొన్న కండెలతోనే పైపులు చేస్తున్నారు!

అసలు మన్నిక దేనివల్ల? చేవ ఉండాలి, తడి పూర్తిగా ఆరాలి, పొగాకు నింపే గిన్నె గోడ మందంగా ఉండాలి. వాడేకొద్దీ లోపల పేరుకునే సన్నటి బొగ్గుపొర కర్రను కాపాడుతుంది. గోడ పలచగా చెక్కి గబగబా పీలిస్తే బ్రయరూ మాడుతుంది. (లోపల వార్నిష్ మాత్రం పూయకండి. పొగాకు చేసే చెడును ఏ కర్రా ఆపదు, అది వేరే సంగతి.)

మన దగ్గర సర్కారు తుమ్మ ఉంది, తమిళులు సీమై కరువేలం అంటారు. దీని దాయాది మెస్కీట్‌తో అమెరికాలో పైపులు చేస్తూనే ఉన్నారు. ఆరేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుపోయే కర్ర అది.

పొయ్యిలో పెట్టేదానితో పైపేంటని నవ్వుతారు. కొమ్మలు వంకర, పురుగు తొలిచిన ముక్కలెక్కువ, నిజమే. కానీ గట్టి చేవ అంత తేలిగ్గా అంటుకోదు. బొగ్గుకి దీన్ని ఏరికోరి వాడేదీ ఆ గట్టిదనం వల్లే.

నన్ను మండించేది ఇక్కడే. అడ్డూఅదుపూ లేకుండా పాకే ఈ చెట్టును తీసేయమని మద్రాసు హైకోర్టు చెప్పింది, తమిళనాడు ప్రభుత్వం 2022లో విధానమూ ప్రకటించింది. తీసేయాల్సిందే. కొట్టిన కర్ర మాత్రం ఎక్కువగా బట్టీలకే పోతోంది. బండి చక్రానికి నల్ల తుమ్మ, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు, కొండపల్లి బొమ్మకు పొణికి అని ఏరుకున్న జాతి మనది. ఇప్పుడు ప్లైవుడ్ షాపు క్యాటలాగే మనకు వృక్షశాస్త్రం. కర్రను టన్నుల్లో తప్ప చూడలేని అధికారులకు వడ్రంగిని అడగాలన్న ఆలోచనే రాదు. తూకానికి ముందు లావు మొదళ్లను పక్కన పెట్టించి, ఆరేటప్పుడు పగలకుండా చివర్లకు మైనం పూసి, ఏడాది నీడన పేర్చడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక రేకుల షెడ్డు, ఒక కాపలా మనిషి.