వార్డు లెక్కలు తేలకుండా పోస్టులు ఎలా అడుగుతారు?

‘నర్సింగ్ అడ్మినిస్ట్రేషన్‌లో పరిశోధించడానికి ఏముంది? ఆరు పడకలకో నర్సు అన్న లెక్క ఉండనే ఉంది. మిగతాది సీనియారిటీతో వస్తుంది. రుజువులు విదేశాల్లో దొరుకుతాయి. ఆ డబ్బుతో పోస్టులు నింపండి.’ నర్సుల సంఖ్య, డ్యూటీలు, వార్డు పనుల నిర్వహణ మీద పరిశోధన వద్దంటూ హైదరాబాద్ నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న వాదన ఇది. పోస్టులు నింపాలన్నది న్యాయమైన కోరిక. దానికి చెప్పిన కారణాలే నిలబడవు.

ఆ ఆరు పడకల లెక్క చూడండి. 30 పడకల వార్డుకు ఐదుగురు చాలనిపిస్తుంది. కానీ ప్రతి షిఫ్టులో ఐదుగురు ఉండాలంటే రోజుకు 15 డ్యూటీలు, ఏడాదికి 5,475. వీక్లీ ఆఫ్‌లు, సెలవులు పోగా ఒక్కొక్కరు 250 డ్యూటీలు చేస్తారనుకున్నా 22 మంది కావాలి. ఇద్దరు మెటర్నిటీ లీవులో ఉండి, ఒకరు డిప్యుటేషన్ మీద వెళ్తే ఆ అంకె కూడా చాలదు. పైగా పడకల లెక్క పని బరువును చెప్పదు. ఆపరేషన్ రోజున డ్రెయిన్లు (గాయం నుంచి ద్రవాలు బయటికి తీసే గొట్టాలు) చూసుకోవడం, రక్తం ఎక్కించడం, గంటగంటకూ బీపీ చూడటం ఉంటాయి. మర్నాడు అవే పడకల్లో సగం పనే ఉండొచ్చు. ఈ తేడాను కొలవడమే మొదటి ప్రాధాన్యం కావాలి.

‘ఇవి కొలిచేవి కావు’ అని కూడా అంటున్నారు. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల అధ్యయనం కొలిచింది: నర్సుకు ఒక్క రోగి పెరిగినప్పుడల్లా, సర్జరీ రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. క్వీన్స్‌లాండ్‌లో (ఆస్ట్రేలియాలోని రాష్ట్రం) 2016లో పగలు నలుగురు రోగులకు, రాత్రి ఏడుగురికి ఒక నర్సు అన్న నియమం వచ్చింది. అక్కడ తగ్గిన ఆసుపత్రి రోజులు, మళ్లీ చేరికల వల్ల మిగిలిన ఖర్చు అదనపు నర్సుల ఖర్చుకు రెట్టింపును మించిందని 2021లో తేలింది.

అలాగని ఆ అంకెలను తెచ్చి ఇక్కడ అతికించలేం. మన వార్డుల్లో తినిపించడం, బట్టలు మార్చడం, బాత్రూమ్‌కు నడిపించడం చాలావరకు రోగి వెంట వచ్చినవాళ్లే చేస్తారు. నర్సు సమయమేమో ఇండెంట్లకూ (మందులు, సామగ్రి కోసం రాసే కోరిక పత్రాలు), ల్యాబ్ రిపోర్టుల వెంట తిరగడానికీ పోతుంది. ఈ రెండూ క్వీన్స్‌లాండ్ లెక్కలో లేవు. వాటిని మనమే లెక్కగట్టాలి.

రెండు వార్డుల్లో మూడు నెలలు చాలు. ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు సెన్సస్ (వార్డులో ఉన్న రోగుల సంఖ్య), హాజరైన నర్సుల సంఖ్య రాయాలి. షిఫ్టు చివర చేయలేకపోయిన పనులు టిక్ పెట్టాలి: పొజిషన్ మార్చడం, నోటి శుభ్రత, టైముకు మందు, డిశ్చార్జి వివరణ. ఈ కాగితం మీద నర్సు పేరు ఉండి, అది హెడ్ నర్స్ చేతికి వెళ్తే అన్నీ చేసినట్టే వస్తాయి. భయం ఉన్నచోట నిజం రాయరు. పేరు లేకుండా పెట్టెలో వేయించాలి. రోగులు ఎన్నిసార్లు పడిపోయారో కూడా రాసి, ఆ సంఖ్యను పడక-రోజులతో (ప్రతిరోజూ నిండిన పడకల మొత్తం) భాగించి వెయ్యితో గుణించాలి: 900 పడక-రోజులకు 3 అయితే 3.3. అప్పుడే చిన్న వార్డునూ పెద్ద వార్డునూ పోల్చగలం.

ఇక సీనియారిటీ. అనుభవం విలువైనదే. కానీ హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం) పద్ధతి మార్చాక మందుల తప్పులు తగ్గాయో లేదో, ముందూ వెనకా రాసిపెట్టుకోకపోతే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లూ చెప్పలేరు.

డబ్బు మాటకొస్తే, ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లు ఎలాగూ జరుగుతున్నాయి. వాటిలో చాలావరకు ‘టీచింగ్ ప్రోగ్రామ్‌కు ముందు, తర్వాత జ్ఞాన స్థాయి’ కొలిచేవే. పాఠం చెప్పిన వారానికి మార్కులు పెరుగుతాయి, వార్డులో ఏమీ మారదు. అదే శ్రమను పై లెక్కల మీద పెట్టొచ్చు. అప్పుడు ‘సిబ్బంది సరిపోవడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో కాకుండా, ఏ షిఫ్టులో ఎంతమంది తక్కువయ్యారో, అప్పుడు ఏ పనులు ఆగిపోయాయో చూపే మూడు నెలల పట్టికతో పోస్టుల ఫైలు పైకి వెళ్తుంది.