అంతరిక్ష కేంద్రానికి తలుపులే ఆయువు

అంతరిక్ష కేంద్రాలను పోల్చేటప్పుడు ముందుగా లెక్కకు వచ్చేవి బరువు, లోపలి చోటు, ప్రయోగాల సంఖ్య. ఆ లెక్కన 1973లో అమెరికా పంపిన స్కైల్యాబ్‌ను తప్పుపట్టడానికి ఏమీ ఉండదు. శాటర్న్-5 రాకెట్ దాన్ని ఒక్క ప్రయోగంలోనే కక్ష్యకు చేర్చింది కాబట్టి పైన భాగాలను ఒక్కొక్కటిగా జోడించే శ్రమ తప్పింది. అయినా అందులో మనుషులు గడిపింది మూడు విడతల్లో కలిపి 171 రోజులే. ఆ బృందాలకు కావలసిన నీరు, ఆక్సిజన్, ఆహారంలో చాలా భాగం ముందే నింపి పంపారు తప్ప, తరిగినవాటిని మళ్లీ నింపే సరకు నౌకను గానీ, ఇంధనం నింపుకుని కక్ష్యను పెంచుకునే ఏర్పాటును గానీ సిద్ధం చేయలేదు. మళ్లీ మళ్లీ ఎగరగల అమెరికా నౌక స్పేస్ షటిల్ వచ్చి పైకి నెడుతుందని ఆశపడ్డారు. కానీ స్కైల్యాబ్ 1979 జులైలోనే కూలిపోయింది, షటిల్ తొలిసారి ఎగిరింది 1981లో.

సోవియట్ యూనియన్ 1977లో పంపిన సాల్యూట్-6 బరువు స్కైల్యాబ్‌లో దాదాపు నాలుగో వంతు. ఇరుకే, సందేహం లేదు. కానీ దానికి ముందొకటి, వెనకొకటి రెండు డాకింగ్ ద్వారాలు (నౌకలు వచ్చి అతుక్కునే తలుపులు) ఉండటంతో, సిబ్బంది వచ్చిన సోయుజ్ ఒకవైపు నిలిచి ఉండగానే 1978 జనవరిలో ప్రోగ్రెస్ సరకు నౌక రెండోవైపు వచ్చి ఇంధనం కూడా నింపగలిగింది. తర్వాత ఒక బృందం అక్కడ 185 రోజులుంది. ఒక్క తలుపు అదనంగా పెట్టడం కేంద్రం ఆయుష్షునే మార్చేసిందని నా అభిప్రాయం.

తలుపులకు మూల్యం లేకపోలేదు. ప్రతి జోడింపూ బరువే, గాలి కారే అవకాశం ఉన్న చోటే. రష్యా కేంద్రం మిర్‌లో కరెంటు తీగలను తెరిచి ఉన్న ద్వారాల గుండా లాగారు. 1997 జూన్‌లో ప్రోగ్రెస్ ఢీకొని స్పెక్టర్ అనే భాగం నుంచి గాలి పోతుంటే, సిబ్బంది ఆ తీగలను ఊడదీసి, కోసి, ఆ తర్వాతే ద్వారం మూయగలిగారు. మూయడానికి వీల్లేని తలుపు తలుపు కాదని మాత్రం అనవచ్చు.

కేంద్రం తిరిగే కక్ష్య ఎవరి రాకెట్లకు అందుతుందన్నది కూడా తలుపుల ప్రశ్నే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో పెట్టడం అమెరికాకు నష్టంగానే కనిపించింది, ఎందుకంటే 28.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్న కెన్నెడీ స్పేస్ సెంటర్ నుంచి అక్కడికి వెళ్లాలంటే షటిల్ మోయగల సరకు తగ్గుతుంది. రష్యా రాకెట్లు కజకిస్థాన్‌లోని బైకొనూర్ ప్రయోగ కేంద్రం నుంచి చేరుకోవడానికే ఆ వాలు ఎంచుకున్నారు. 2003 ఫిబ్రవరిలో కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత షటిల్ ప్రయాణాలు రెండున్నరేళ్లు ఆగిపోయినప్పుడు, సిబ్బందిని ఇద్దరికి తగ్గించి, సోయుజ్, ప్రోగ్రెస్ నౌకలతోనే కేంద్రాన్ని నడపగలిగారంటే దానికి కారణం ఆ ‘నష్టపు’ కక్ష్యే.

అదే కేంద్రంలో నేటికీ సోయుజ్‌కు సరిపోయే ద్వారానికి అమెరికా నౌక డ్రాగన్ అతుక్కోదు, డ్రాగన్ ద్వారానికి సోయుజ్ అతుక్కోదు. ఇంజినీరింగ్ దృష్టితో ఇది వృథాలా కనిపిస్తుంది. ఒకే ప్రమాణం ఉంటే ఏ నౌకైనా ఏ ద్వారం దగ్గరైనా ఆగగలదు. కొత్త కేంద్రాలు ఆ దారినే వెళ్లడం మంచిది. అయితే ప్రమాణం ఒకటే కావడం వేరు, నౌక ఒకటే కావడం వేరు. ఖర్చు తగ్గించే పేరుతో రెండోదాన్ని ఒప్పుకోకూడదు.

2022 డిసెంబరులో కేంద్రానికి అతుక్కుని ఉన్న సోయుజ్ ఎంఎస్-22 నుంచి శీతలీకరణ ద్రవం కారిపోయింది. అందులో ముగ్గురిని భూమికి దించితే లోపలి వేడి ప్రమాదకర స్థాయికి చేరవచ్చన్న ఆందోళనతో, 2023 ఫిబ్రవరిలో మరో సోయుజ్‌ను ఖాళీగా పంపారు. అది వచ్చేదాకా అత్యవసరమైతే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు పక్క ద్వారం దగ్గరే ఉంది. ఆ ముగ్గురిలో ఒకరైన వ్యోమగామి ఫ్రాంక్ రూబియో సీటు లైనర్‌ను (ఆయన ఒంటికి తగ్గట్టు చేసిన సీటు పొరను) సోయుజ్ నుంచి తీసి, అవసరమైతే అందులో దిగేలా డ్రాగన్‌లో అమర్చారు.