మహారాజశ్రీ కంప్యూటర్ గేమ్ రిలీజ్ డేట్ గారి దివ్య సముఖానికి

ఉభయకుశలోపరి. తమరు ఎక్కడున్నారో తెలియదు గానీ, నేను మాత్రం నెల్లూరులో, మాగుంట లేఅవుట్‌లోని మా ఇంట్లో, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు, లీవు పెట్టుకుని ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుని ఈ జాబు రాస్తున్నాను. తమరు వేంచేయాల్సింది ఈ రోజే. నిన్న రాత్రి తొమ్మిదింటికి, నల్లటి బొమ్మ మీద తెల్లటి అక్షరాలతో, తమరి రాక ఇంకో పదకొండు వారాలు వెనక్కి జరిగిందని కబురొచ్చింది. మొదటి వాక్యంలో మా అభిమానానికి కృతజ్ఞతలు, చివరి వాక్యంలో మా ఓపికకు కృతజ్ఞతలు. మధ్యలో ఉన్నదల్లా ‘మరింత మెరుగులు దిద్దుతున్నాం’.

ఇది మూడోసారి.

ముందే కట్టిన నాలుగు వేల గురించి మాట్లాడను. తమరి కోసం 120 జీబీ ఖాళీ చేయడానికి బాబాయి కూతురి పెళ్లి వీడియోని వేరే డిస్కులోకి మార్చి, ఆ డిస్కు ఎక్కడ పెట్టానో మరిచిపోయిన సంగతీ ఎత్తను. ఇక మెరుగులంటారా, చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని నెల్లూరు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మా అమ్మ ఇవాళ్టి కంచంలో కూడా రెండు ముక్కలు వేస్తుంది.

నా బాధల్లా లీవు.

మొదటిసారి తమరి తేదీ తెలిసినప్పుడు, గేమ్ ఆడుకోవడానికి సెలవు కావాలని అడగలేక, అక్క నిశ్చితార్థం అని రాశాను. మేనేజర్ శుభాకాంక్షలు చెప్పి మరీ ఇచ్చాడు. నాలుగు రోజుల ముందు తమరు జరిగారు, నేనూ లీవు జరిపాను. ‘నిశ్చితార్థం వాయిదా పడింది సార్’ అంటే పాపం అన్నాడు. రెండో తేదీకీ అదే కథ. ఈసారి ఆయన గొంతు తగ్గించి, ‘అటువైపు వాళ్లు ఏమైనా ఎక్కువ అడుగుతున్నారా?’ అన్నాడు. తలూపాను. ఏం చెయ్యమంటారు? మా ఆఫీసులో కావలి అబ్బాయి ఒకడున్నాడు. వాడి పిన్ని వాళ్లదీ ఒంగోలులో మా అత్త వాళ్లదీ ఒకటే వీధి. అత్త అమ్మకి ఫోన్ చేసి, ‘ఏంది వదినా, సంబంధం రెండుసార్లు తప్పిపోయిందంట, మాకొక మాటైనా చెప్పలేదే’ అని ఏడ్చింది. అప్పటికి అక్కకి ఒక్క సంబంధం కూడా రాలేదు! ఈ మాట పుట్టించినవాళ్ల నోట్లో మన్ను పడ అని అమ్మ అరగంట తిట్టింది. నేను టీవీ సౌండు పెంచాను.

అసలు తేదీ చెప్పమని నిన్నెవరు అడిగారు? తెలియకపోతే తెలియదని చెప్పు. వచ్చినప్పుడు వస్తానంటే నా బతుకు నేను బతుకుతాను. తేదీ, వారం, మన టైము ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర అని నిమిషంతో సహా చెప్పి, ముందు రోజు రాత్రి జారుకోవడం ఏంది?

వాయిదాలు మాకు కొత్త అనుకోకు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 చూద్దామని నాన్నా నేనూ బండి మీద సూళ్లూరుపేట దాకా పోయాం. అప్పటికి శ్రీహరికోట మా జిల్లాలోనే ఉంది. 2:51కి లేవాల్సిన రాకెట్‌ని 56 నిమిషాల ముందు ఆపేశారు. సాంకేతిక లోపం అన్నారు. దోమలతో కుట్టించుకుని ఇంటికొచ్చాం, ఒక్క మాట అనలేదు. 22న మధ్యాహ్నం లేచిపోయింది. ఏడు రోజులు! అదీ చంద్రుడి దాకా పోవాల్సిన బండికి. నువ్వు నా కంప్యూటర్ దాకా రావాలి, అంతే.

మీ వంశమే అంత. సైబర్‌పంక్ 2077 అనే గేముకి 2020లో ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17 అన్నారు, నవంబర్ 19 అన్నారు. అక్టోబర్ 5న పని పూర్తయి ‘గోల్డ్’ అయిందని చాటింపు వేసి, అదే నెల 27న ఇంకో 21 రోజులు కావాలన్నారు. బంగారం తూకం వేసి చేతికిచ్చే వేళ మళ్లీ కుంపట్లో పెట్టే కంసాలిని నేనెక్కడా చూడలేదు. తీరా డిసెంబర్ 10న వస్తే, పాత కన్సోళ్లలో, అంటే టీవీకి తగిలించి గేములాడే పెట్టెల్లో, ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచే తీసేసి డబ్బులు వాపసు ఇస్తామంది. డ్యూక్ నుకెమ్ ఫరెవర్ అనే ఇంకో గేముని 1997లో ప్రకటించి 2011లో ఇచ్చారు. ప్రకటన నాడు బారసాల అయిన పిల్లవాడు ఆట చేతికొచ్చేనాటికి తొమ్మిదో తరగతి.

రొట్టెల పండక్కి అమ్మతో బారాషహీద్ దర్గాకి పోయాను. స్వర్ణాల చెరువులో నిలబడి అక్క కోసం అమ్మ పెళ్లి రొట్టె పట్టుకుంది. ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె, అన్నీ ఉన్నాయి. నాకు గేమ్ రొట్టె కావాలి. చిక్కేమిటంటే, కోరిక తీరినవాడు తెచ్చిన రొట్టెనే మనం పట్టాలి. నిన్ను కోరుకుని తీరినవాడు ఆ చెరువులో యాడ దొరుకుతాడు?

అమ్మ పట్టిన రొట్టె మాత్రం పనిచేసింది. పొదలకూరు సంబంధం, అబ్బాయి మంచివాడు. ఇవాళ పొద్దున నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టారు. తమరు కొత్తగా చెప్పిన శుక్రవారమే. ఇవాళ జరగలేదు సార్, ఫలానా రోజుకి మారింది, లీవు కావాలని మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి జవాబొచ్చింది: ‘ఈసారి అయ్యాక ఫొటో పంపు.’

కాబట్టి స్వామీ, మళ్లీ తమరు అనే అంటున్నాను. ఆ రోజు వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించాల్సింది నేను. మూడుసార్లు తప్పిన తమరు, నా అదృష్టానికి, ఆ ఒక్కరోజు చెప్పిన నిమిషానికే దిగేలా ఉన్నారు. దండం పెడతాను, ఇంకొక్క వారం మెరుగులు దిద్దుకోండి.

ఇట్లు,
పెళ్లికూతురి తమ్ముడు